రోజుకొక చెంచా ఆలివ్ నూనె

స్ఫాక్స్,
30 అక్టోబరు 2006

కోడలు జాజియాకు,

మీరు పండుగ చేసుకుని మెత్లావీకి తిరిగి వెళ్లి నాలుగు రోజులైంది. ఉత్తరమెందుకు, ఫోన్ చేయొచ్చు కదా అంటాడు రిదా. ఫోనులో అన్న మాట ఆ పూటకే పోతుంది. రేపు నేను అనలేదంటే అనలేదు, నువ్వు వినలేదంటే వినలేదు. కాగితం అలా కాదు. అందుకే ఈ ఉత్తరాన్ని నూనె డబ్బా పిడికి కట్టి, అద్దె బండి నడిపే తాహర్ చేతికిచ్చాను. జవాబు ఖాళీ డబ్బాతో రావాలి.

విషయానికొస్తాను. పండుగ మూడు రోజులూ నీ కూతుర్ని గమనించాను. దొర్సాఫ్‌కి మూడేళ్ల నాలుగు నెలలు. పేరు పెట్టి పందొమ్మిది సార్లు పిలిచాను. రెండుసార్లు తిరిగి చూసింది. ఆ రెండుసార్లూ నా చేతిలో తాళాల గుత్తి మోగింది కాబట్టి వాటిని లెక్కలోంచి తీసేశాను. డాబా మీద అరవై నాలుగు బట్టల క్లిప్పుల్ని రంగు ప్రకారం వరుసగా పేర్చింది. అంత తిన్నని వరుస నా బడి ప్రార్థనలో కూడా ఎన్నడూ నిలబడలేదు. కానీ "అమ్మ" అనలేదు, "నాయనమ్మ" అనలేదు, "నీళ్లు" అనలేదు. నా చెల్లెలు విందు మధ్యలో "పిల్లకి చెవుడేమోనే అక్కా" అంది. "నువ్వు ముందు ఆ ఉప్పు చేప తిను, ఉల్లి, ఎండుద్రాక్షల షర్మూలా చల్లారిపోతోంది" అన్నాను.

పళ్ల డాక్టరు గదిలో కూర్చున్నప్పుడు ఒక పత్రికలో వ్యాసం చదివాను. మెదడులోంచి నీళ్లు తీసేస్తే మిగిలేదానిలో సగానికి పైగా కొవ్వేనట. తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఏ కొవ్వు తింటుందో బిడ్డ మెదడు దాంతోనే తయారవుతుందట. గింజల నూనె ఎక్కువై, మంచి కొవ్వు తక్కువైతే పిల్లలకు మాట ఆలస్యం కావడం, నలుగురిలో కలవకపోవడం వగైరా వస్తాయట. శాస్త్రజ్ఞులే రాశారు. మన వంశంలో ఇంతవరకు ఏ పిల్లా ఆలస్యంగా మాట్లాడలేదు. రిదా పదకొండో నెలలోనే మొదలుపెట్టాడు. పెళ్లయ్యాకే ఆపాడు.

ఈ డబ్బాలో పది లీటర్లున్నాయి. మన చెట్ల కాయలు, మొదటి పిండుడు. ఉదయం పరగడుపున పిల్లకి ఒక చెంచా పట్టాలి. ఇంట్లో దుకాణం నూనె ఎంత ఉంటే అంత పక్కింటివాళ్లకి ఇచ్చెయ్. ఒక నోటుపుస్తకం పెట్టి, ఏ రోజు ఎన్ని మాటలు పలికిందో రాయి. ఊహించి రాయొద్దు.

ఇంకొకటి. వెళ్లేముందు రిదా గుమ్మం దగ్గర నిలబడి ఏదో నసిగాడు. మాట రాని పిల్లల కోసం స్ఫాక్స్‌లో కేంద్రమేదో ఉందనీ, నువ్వూ పిల్లా వచ్చి నా దగ్గరుంటే వారానికి నాలుగు రోజులు పంపొచ్చనీ. ముందు మూడు నెలలు నూనె పట్టండి. ముప్పై ఒక్క ఏళ్లు ఈ పేట ఆడపిల్లలందరికీ చదువు చెప్పిన మనిషిని. నా మనవరాల్ని ఆ కేంద్రం వాళ్ల బొమ్మల బండి వచ్చి మన గుమ్మంలోంచి ఎక్కించుకుపోతుంటే పేటంతా కిటికీల్లోంచి చూడ్డం నాకు ఇష్టం లేదు.

దుప్పట్లు ఎండలో వెయ్.

మీ అత్త,
మన్నూబియా

*

మెత్లావీ,
12 నవంబరు 2006

లల్లా మన్నూబియాకు కోడలి సలాములు.

డబ్బా క్షేమంగా చేరింది. తాహర్ గుమ్మంలోకి వస్తూనే "అమ్మాయ్, ఇందులో నూనె ఉందా, బంగారముందా? దారిలో రెండుసార్లు బండి ఆపించి మీ అత్తగారు ఫోన్లో అడిగింది, ఒరగలేదు కదా అని" అన్నాడు. ఫోను మీద మీకు అంత నమ్మకం లేకపోయినా ఈ మాత్రం వాడుతున్నందుకు సంతోషించాను.

మీరు చెప్పినట్టే చేశాను. మొదటి చెంచా నా గౌను మీద ఉమ్మింది. రెండోది పిల్లి మీద. మూడో రోజు నుంచి రొట్టెకి రాసి ఇస్తే తింటోంది. పుస్తకం కూడా పెట్టాను. మొదటి వారం: సున్న, సున్న, సున్న, సున్న, "ఉఁ", సున్న, సున్న. "ఉఁ" మాట కిందకి వస్తుందో రాదో తెలియక కొట్టివేతతో రాశాను. మీరే తేల్చాలి.

మీరు పంపిన సంగతి ఇక్కడి పిల్లల డాక్టరుకి చెప్పాను. ఆయన నవ్వలేదు. "కొవ్వు మెదడుకి కావాలమ్మా, అది నిజం. తల్లి తిన్నదానికీ బిడ్డ ఎదుగుదలకీ సంబంధముందేమో అని వెతుకుతున్నారు, అదీ నిజం. ఇదే కారణమని గట్టిగా చెప్పినవాణ్ని నేనింకా చూళ్లేదు. నూనె పట్టండి, నష్టం లేదు. నూనె పడుతున్నాం కదా అని కేంద్రాన్ని మాత్రం ఆపకండి" అన్నాడు.

మీకు ఇంకో సంగతి చెప్పాలి. గురువారం నేను బట్టలు ఆరేస్తుంటే దొర్సాఫ్ డబ్బా కుళాయి తెరిచింది. నేను వచ్చేసరికి సన్నటి పచ్చ ధార, దాని కింద నేలంతా మడుగు. పిల్ల బోర్లా పడుకుని చూస్తోంది. అరవబోయాను. అప్పుడు నా మొహంలోకి చూసింది అత్తయ్యా. భుజం వైపో చెవి వైపో కాదు, కళ్లలోకి. నా వేలు పట్టుకుని తీసుకెళ్లి ధార కింద పెట్టింది. కుళాయి కట్టేయాల్సినదాన్ని, కట్టలేకపోయాను. డబ్బా ఖాళీ అయ్యేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం. కాబట్టి మీ నూనె పని చేయలేదని నేను అనను.

ఆఖరి మాట, అసలు మాట. ఆ కేంద్రంలో ఏడాదికొక్కసారి, జనవరిలో ఎనిమిది మందిని మాత్రమే చేర్చుకుంటారు. నాలుగేళ్లు నిండినవాళ్లని తీసుకోరు. జూన్‌లో దొర్సాఫ్‌కి నాలుగు నిండుతాయి. అంటే ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరిది. జనవరి పదిహేనులోపు పేరు ఖాయం కావాలి. పిల్ల ఊళ్లోనే ఉంటుందని ఇంటివాళ్లు సంతకం పెట్టాలి. మూడు నెలల నూనె అయ్యేసరికి ఫిబ్రవరి వస్తుంది. దయచేసి ఆలోచించండి.

దుప్పట్లు ఎండలో వేశాను.

జాజియా

*

స్ఫాక్స్,
20 నవంబరు 2006

కోడలు జాజియాకు,

ఖాళీ డబ్బా, దానికి కట్టిన ఉత్తరం అందాయి. అందాయి అనడం కూడా ఎక్కువే. డబ్బా అడుగున మిగిలిన నూనె దారిలో కారి, రెండో కాగితం అద్దంలా అయిపోయింది. ముందు రాత, వెనక రాత కలిసిపోయాయి. భూతద్దం పెట్టి చూస్తే "కుళాయి", "నేలంతా", "జనవరి" అన్న మూడు మాటలు దొరికాయి. మూటగట్టే పద్ధతి తెలియనివాళ్లు ఉత్తరం వేరుగా పంపాలి.

మొదటి కాగితం చదివాను. "ఉఁ" మాట కాదు, అభిప్రాయం. లెక్కలోకి రాదు.

ఇప్పుడు నాకొక లెక్క తేల్చు. చెంచాకి పది మిల్లీలీటర్లు. పన్నెండు రోజులకి నూట ఇరవై. నేను పంపింది పది లీటర్లు. తొమ్మిది లీటర్ల ఎనిమిది వందల ఎనభై ఎక్కడికి పోయింది? నేలంతా ఏం చేశావు? కడిగావా? మెత్లావీలో గని ఇంజనీర్ల భార్యలు ఒకరింటికి ఒకరు వెళ్లి తెగ వేపుళ్లు చేసుకుంటారని విన్నాను. మందు కింద పంపిన నూనెలో బ్రీక్‌లు వేయించి పంచిపెడితే పిల్లకి మాటలెలా వస్తాయి? ఈసారి ఐదు లీటర్లే పంపుతున్నాను.

డాక్టరు సంగతి. "గట్టిగా చెప్పినవాణ్ని చూళ్లేదు" అనేవాడు చదవనివాడు. నేను చదివాను. ఆ వ్యాసం కత్తిరించి నా దగ్గర పెట్టుకున్నాను. అందులో ముఖ్యమైన కాలం గర్భంలోని ఆఖరి ఎనిమిది నెలలని రాశారు. కాబట్టి ఇప్పటి చెంచాల కంటే అప్పటి సంగతి తేలాలి. ఏం తిన్నావు? ఏ నూనెతో? సూటిగా రాయి, నేను కోప్పడను. మీ కెర్కెన్నా దీవుల్లో చేపని ఏ నూనెలో ముంచి తేలుస్తారో నాకు తెలుసు. పుట్టింటి నాలుక ఎక్కడికీ పోదు. నిందించడానికి కాదు అడుగుతున్నది, కారణం తెలిస్తే వైద్యం తెలుస్తుందని.

గానుగవాడు ఈ వారమే మన వంతు వేశాడు. పద్నాలుగు మంది కూలీలు చెట్ల మీద ఉన్నారు. ఇంతకంటే రాయడానికి తీరిక లేదు.

మన్నూబియా

*

మెత్లావీ,
30 నవంబరు 2006

లల్లా మన్నూబియాకు సలాములు.

ఈ ఉత్తరాన్ని రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి, ముడివేసి, తాహర్ జేబులో పెట్టాను. "డబ్బాకి కట్టొద్దా? మీ అత్తగారికి డబ్బాకి కట్టి ఉంటేనే ఉత్తరమని తెలుస్తుంది" అన్నాడు. జేబు మీదే నమ్మకముంచాను.

పోయిన నూనెతో ఎవరికీ బ్రీక్‌లు వేయించలేదు. దొర్సాఫ్ కుళాయి తెరిచి పారబోసింది. దాని వెనక ఒక కథ ఉంది. పోయినసారి ఒక పేజీ నిండా రాశాను, మీ నూనె తాగేసింది. ఎదురుగా కూర్చున్నప్పుడు చెబుతాను. కొత్త డబ్బాని బీరువా పైకెక్కించాను. పిల్ల రోజూ దాని కింద నిలబడి పైకి చూస్తుంది. ఇది మాటల పుస్తకంలో ఏ గడిలో రాయాలో తెలియక రాయలేదు.

జనవరి అన్న మాట మాత్రం మీకు దొరికినందుకు సంతోషం. దాని చుట్టూ ఉన్నది ఇదీ: స్ఫాక్స్ కేంద్రంలో జనవరి పదిహేనులోపు పేరు ఖాయం కాకపోతే దొర్సాఫ్‌కి ఇక ఎప్పటికీ చోటు లేదు, వయసు దాటిపోతుంది. ఊళ్లో ఇల్లుండాలి. ఇల్లంటే మీ ఇల్లే. రిదా మీ ముందు నోరు తెరవలేడు. ఈ విషయంలో కూతురు తండ్రికే పోయిందని నా అభిప్రాయం.

ఇక మీరడిగిన ప్రశ్న. మా నాన్న చేపని వేయించడు, నిప్పుల మీద కాలుస్తాడు. పైన పిండేది నిమ్మకాయ. అయినా ఆ సంగతి ఇక్కడ పనికిరాదు. ఎందుకంటే ఆ ఎనిమిది నెలలూ నేను మా దీవిలో లేను, మెత్లావీలోనూ లేను. కదలకూడదని డాక్టరు చెబితే, అక్టోబరు 2002 నుంచి కాన్పు దాకా స్ఫాక్స్‌లో మీ ఇంట్లో, మీ మంచం మీదే పడుకున్నాను. వంటింటి తాళం మీ నడుముకుండేది. మీరు వండించినదే తిన్నాను, పెట్టినదంతా తిన్నాను. ఏ నూనెతో వండారో నాకు గుర్తులేదు. ఆకలి మాత్రం గుర్తుంది, కూర బాగుండేదని గుర్తుంది. ఏ రోజు ఏం తిన్నానో నాకంటే మీ పుస్తకానికి బాగా తెలుస్తుంది. ఊహించి రాయొద్దన్నారు కనక ఇంతటితో ఆపుతున్నాను.

జాజియా

*

స్ఫాక్స్,
9 డిసెంబరు 2006

కోడలు జాజియాకు,

ఉత్తరం పొడిగా అందింది.

2002 నాటి పుస్తకం అటక మీదుంది. దింపించాను. నువ్వడిగావని కాదు, పుస్తకాలు దులపాల్సిన సమయమైంది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆ ఏడు వానల్లేవు. మన చెట్ల నుంచి నాలుగు వందల పది లీటర్లే వచ్చింది. అందులో నాలుగు వందలు ఎగుమతి వ్యాపారికిచ్చాను. అందరం చేసేదే. మంచిది ఓడెక్కుతుంది, ఇంటికి సర్కారు దుకాణం నుంచి సోయా నూనె వస్తుంది. తరువాతి వరుస: "ఇంటి వాడకం, దుకాణం నూనె, నెలకి ఆరు లీటర్లు." నవంబరు నుంచి మే వరకు ప్రతి నెలా అదే ఆరు. దాని కింద: "మన నూనె, అతిథులకు మాత్రం, పది లీటర్లు." కోడలు అతిథుల కిందకి రాదు కదా. అలా రాయలేదు, కానీ ఏ పూట ఎవరికి పోశానో రాసి ఉంది. నీ పేరు లేదు.

రాత నాదే. సందేహం లేదు.

ఆ తర్వాత వ్యాసాన్ని మళ్లీ చదివాను. ఈసారి కళ్లద్దాలు తుడుచుకుని చదివాను. అందులో "కావచ్చు" అన్న మాట పదకొండు సార్లుంది. "ఇంకా పరిశోధించాలి" మూడుసార్లు. పరీక్షించింది నలభై మంది తల్లుల్ని. వాళ్లయినా ఏం తిన్నారో నాలుగేళ్ల తర్వాత గుర్తు తెచ్చుకుని చెప్పారట. నాలుగేళ్ల కిందటి వంట ఎవరికి గుర్తుంటుంది, పుస్తకం రాసుకుంటే తప్ప? ఇలాంటి వ్యాసం నా విద్యార్థిని రాసుంటే ఎర్ర సిరాతో వెనక్కిచ్చేదాన్ని. మీ డాక్టరు అనుకున్నంత చదవనివాడు కాకపోవచ్చు. మొదటిసారి చదివినప్పుడు ఇవన్నీ ఎందుకు కనబడలేదని నువ్వు అడగొచ్చు. అడగకు.

చెంచా మానొద్దు. మంచి నూనె మంచిదే. పిల్ల తినే రొట్టెకి రుచి కోసమైనా ఉండనీ.

కేంద్రం విషయం కోతలయ్యాక చూద్దాం. ఇల్లంతా బుట్టలు, వలలు, నిచ్చెనలు. పైగా రోజుకొకడు తలుపు కొడుతున్నాడు. ఈ ఏడు కాపు బాగుందని అందరికీ తెలిసిపోయింది. సోమవారం నల్లకోటు వేసుకున్న ఒకామె ఫైలు పట్టుకుని వచ్చింది. మాటా మంచీ లేకుండా ఇంట్లో ఎన్ని గదులు, ఖాళీ గదుందా, అందులో వెలుతురెలా ఉంటుంది, మెట్లెన్ని అని మొదలుపెట్టింది. నాకు తెలియదా? పీపాలు దాచడానికి చల్లని గది అద్దెకి పట్టి, నెమ్మదిగా నూనె బేరంలోకి దిగే దళారులు వీళ్లు. ఈమధ్య ఆడవాళ్లని పంపుతున్నారు, మొహమాటపడతామని. "అమ్మాయ్, ఇంకో మాట ఎత్తకు. ఈ ఇంట్లో ఎవరికీ చోటు లేదు, ఇచ్చేది లేదు. ఇదిగో, రొట్టె, నూనె. రుచి చూసి వెళ్లు" అన్నాను. ఏదో చెప్పబోయింది, రొట్టె నోట్లో ఉండి చెప్పలేకపోయింది. గుమ్మందాకా సాగనంపి గడియ వేశాను. ఇలా ఉంది మా తీరిక.

రిదాకి దగ్గు తగ్గిందా?

మన్నూబియా

*

మెత్లావీ,
19 డిసెంబరు 2006

అత్తయ్యా,

మీ ఉత్తరం, ఇంకో ఉత్తరం ఒకే రోజు వచ్చాయి. రెండోది స్ఫాక్స్ కేంద్రం వాళ్లది. ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: "దరఖాస్తులో చూపిన చిరునామాకు మా సహాయకురాలు వెళ్లగా, ఇంట్లో ఎవరికీ చోటు లేదని, ఇచ్చేది లేదని గృహ యజమానురాలే స్పష్టంగా చెప్పినందున బిడ్డ పేరును జాబితా నుంచి తొలగించడమైనది."

ఆమె నూనె దళారి కాదత్తయ్యా. వెలుతురెలా ఉందని అడిగింది పీపాల కోసం కాదు. మెట్లు లెక్కపెట్టింది మీ మనవరాలి కాళ్ల కోసం.

తప్పు నాది కూడా. మీ అనుమతి లేకుండా మీ చిరునామా రాశాను. వాళ్లు ఇల్లు చూడటానికి వస్తారని నాకు తెలియదు. తెలిసుంటే ముందే చెప్పేదాన్ని. చెప్పుంటే మీరు వద్దనేవారు, అందుకే చెప్పలేదేమో. ఈ ముడి నేను విప్పలేను.

ఉత్తరం చూసి రిదా మొదట నవ్వాడు. "అమ్మ ఆవిడ చేత రొట్టె తినిపించి పంపిందా!" అన్నాడు. తర్వాత వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. బయటికొచ్చి "అమ్మకి తెలిసుంటే ఒప్పుకునేదే" అన్నాడు. నిజంగా తెలియదు నాకు. ఆమె ఎవరో తెలిసుంటే మీరు ఏం చెప్పేవారు? బొమ్మల బండి గుమ్మంలోకి రావడం ఇష్టం లేదని మీరే రాశారు. కాగితం మీద ఉంది.

నూనె గురించి మాత్రం ఒకటి చెప్పనివ్వండి. మీ పుస్తకంలో నా పేరు లేనందుకు నాకు బాధ లేదు. దుకాణం నూనె వల్లే దొర్సాఫ్ ఇలా అయిందని నేననుకోను. మీ చెట్ల నూనె పోసుంటే ఇలా అయ్యేది కాదని కూడా అనుకోను. మొదటి ఏడాదంతా నేనూ వెతికాను. తిన్నది, తాగింది, ఎత్తింది, దిగింది, ఏడ్చింది. వెతికిన ప్రతిచోటా నేనే కనబడ్డాను. అలిసిపోయి మానేశాను. మీరు ఇప్పుడే మొదలుపెట్టారు, మీకు అదొద్దు.

జాబితాకి ఇంకా ఇరవై ఏడు రోజులున్నాయి. నేను అడగగలిగింది ఇంతే. ఒక్క ముక్క జవాబు రాయండి, ఉంటే ఉందని, లేకపోతే లేదని. ఫోన్ చేసినా సరే.

జాజియా

*

స్ఫాక్స్,
27 డిసెంబరు 2006

జాజియా తల్లీ,

ఒక్క ముక్క రాయమన్నావు. అంత చిన్న ఉత్తరం రాయడం నాకు రాదు.

నీ ఉత్తరం గురువారం అందింది. శుక్రవారం ఉదయం కూలీలకి రొట్టె పంచి, కోత చెల్లెలికప్పగించి, టాక్సీ ఎక్కాను. "అక్కా, కోత మధ్యలో ఎక్కడికే? కాయ రాలిపోతుంది!" అని అది వెనక నుంచి అరిచింది. రాలనీ అన్నాను. యాభై ఏళ్లలో ఆ మాట మొదటిసారి అన్నందుకేమో, అది నిచ్చెన దిగొచ్చి నా నుదురు పట్టుకుని చూసింది.

కేంద్రం ఆసుపత్రి వెనక, పాత ఇల్లు. లోపలికి అడుగుపెట్టగానే ఆ నల్లకోటు అమ్మాయి నన్ను చూసి లేచి నిలబడి, "మేడమ్, రొట్టె పెట్టి గెంటేసిన పెద్దావిడ, హాజ్జా, ఈవిడేనండీ!" అంది. ఆఫీసులోంచి డైరెక్టరమ్మ బయటికొచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. నా దగ్గర చదవలేదు, చదివుంటే ఇంత ధైర్యం ఉండేది కాదు. "కూర్చోండి హాజ్జా. కోత రోజుల్లో మా వాళ్లని గడప దాటనిచ్చే ఇల్లు ఈ ఊళ్లో లేదు. మొన్న ఒకాయన కుక్కని వదిలాడు. మీరు నయం, నూనె పోశారు" అంది. నా ఫైలు తీసి చూపించింది. "సహకారం లేదు" అని రాసి, దాని కింద "నూనె శ్రేష్ఠం" అని ఆ నల్లకోటమ్మాయే రాసింది. నివేదికలో నిజాయితీ ఉంది.

జాబితా నిండిపోయిందని చెప్పింది. ఎనిమిదిలో ఏడు అయిపోయాయి, ఎనిమిదోది గాబెస్ నుంచి వచ్చే ఒక అబ్బాయి కోసం ఆపారట. వాళ్లు సోమవారం చెప్పాలట. నేను సోమవారం దాకా వస్తానన్నాను. "రానక్కర్లేదు, మేమే కబురు చేస్తాం" అంది. వస్తానన్నాను. శుక్రవారం, శనివారం, సోమవారం వెళ్లి తరగతి గది వెనక చిన్న పిల్లల బల్ల మీద కూర్చున్నాను. మోకాళ్లు ఇంకా పలకడం లేదు.

అక్కడ చూసింది రాయాలి. టీచరు హాజరు పిలవదు. ఒక్కో బిడ్డ దగ్గరికెళ్లి నేల మీద కూర్చుని, ఆ బిడ్డ ఫొటో అంటించిన చెక్కముక్క చేతిలో పెడుతుంది. బిడ్డ లేచి దాన్ని గోడ కొక్కేనికి తగిలిస్తుంది. ఒకడికి పది నిమిషాలు పట్టింది. టీచరు గడియారం చూడలేదు. చూసింది నేనే.

1971లో నా తరగతిలో బహీజా అని ఒక పిల్ల ఉండేది. మూడో వరుస, కిటికీ పక్క. నీకు తెలియదు, ఎవరికీ చెప్పలేదు. వాళ్లది గానుగ. ఊరికంతటికీ నూనె పిండేవాళ్లు. ఆ ఇంట్లో రొట్టెని నూనెలో ముంచరు, ఈదిస్తారు. దుకాణం నూనె ఆ గడప తొక్కలేదు. పేరు పిలిస్తే ఆ పిల్ల పలికేది కాదు. మొండితనమనుకున్నాను. పలకనివాళ్లకి హాజరు వేయకూడదన్నది నియమం. నలభై రెండు రోజులు వరుసగా గైర్హాజరు వేశాను. నలభై మూడో రోజు నియమం ప్రకారం పేరు కొట్టేశాను. ఆ నలభై రెండు రోజులూ పిల్ల నా ఎదురుగానే కూర్చుంది. ఇంకుబుడ్లు వరుసగా పేరుస్తూ. నా రిజిస్టరులో ఒక్క దిద్దుబాటు లేదని ఆ ఏడు ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడు.

నా చేతి లెక్క ఎప్పుడూ తప్పలేదని అనేదాన్ని. ఇప్పుడు అనను.

ఆమె ఎవరో తెలిసుంటే ఏం చెప్పేవారని అడిగావు. అక్టోబరులో అయితే వద్దనేదాన్ని. రిదా నన్ను ఉన్నదానికంటే మంచిదాన్ని చేస్తున్నాడు, నమ్మకు. నువ్వు అనుమానించిందే సరి.

సోమవారం మధ్యాహ్నం గాబెస్‌ నుంచి కబురొచ్చింది. వాళ్లకి ఊళ్లోనే ఏదో దొరికిందట, రావడం లేదు. డైరెక్టరమ్మ ఫోను పెట్టేసి నావైపు చూసి, "హాజ్జా, మీరు ప్రార్థన చేశారా, వాళ్లని బెదిరించారా?" అంది. ఆ అబ్బాయికి దొరికింది మంచి చోటేనా అని అడిగాను. మంచిదేనంది. అయితే ఫారం ఇవ్వమన్నాను.

మీరిద్దరూ జనవరి ఏడు, ఆదివారం బయల్దేరండి. ముందు సీట్లో రెండు చోట్లు ఉంచమని తాహర్‌కి చెప్పాను. నా గది మీకిస్తున్నాను, అందులో వెలుతురు బాగుంటుంది. నేను మెట్ల పక్క గదిలోకి మారాను. బండి ఎనిమిదింటికి గుమ్మంలోకే వస్తుంది. మూల మీద ఆపిస్తామని వాళ్లే అన్నారు, ఈ పేటలో చాలామంది అలాగే అడుగుతారట. గుమ్మంలోకే రమ్మన్నాను. కిటికీలున్నవాళ్లు చూసుకుంటారు. వంటింటి తాళం నీదే. ఏ నూనె పొయ్యాలో నీ ఇష్టం, నేనడగను. అడిగితే ఈ ఉత్తరం చూపించు.

ఫారం నాలుగు పేజీలు. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, కాన్పు వివరాలు, నాకు తెలిసినవే, గబగబా నింపాను. మూడో పేజీలో ఒక గడి వచ్చింది: "కుటుంబం అభిప్రాయంలో కారణం." పెన్ను అక్కడ ఆగింది. అక్టోబరులో అయితే ఆ గడి చాలేది కాదు, వెనక కాగితం జోడించి ఉందును. డైరెక్టరమ్మ టీ తెప్పించింది, అది చల్లారింది. "ఖాళీగా వదిలేయొచ్చు హాజ్జా, చాలామంది వదిలేస్తారు" అంది. నేను గడులు ఖాళీగా వదలను. "తెలియదు" అని రాశాను.

తర్వాతి గడి, "బిడ్డ ఉండే ఇల్లు." అందులో ఇంటి నంబరు, వీధి, పేట, ఎవరి ఇల్లు, ఎన్ని గదులు, వెలుతురు ఎటు నుంచి వస్తుంది, మెట్లు ఎన్ని, అన్నీ రాశాను. గడి చిన్నది, రాత పక్క గడిలోకి పోయింది. అది ఆఫీసు వాడకానికి మాత్రమే అంది. వాడుకోమన్నాను.

దొర్సాఫ్ నాయనమ్మ,
మన్నూబియా